ముసలి కుక్కకు మత్తు ఇవ్వడం ధర్మమేనా?

వయసు మళ్లిన కుక్కకు చిగుళ్లు చెడి పళ్లు కదులుతుంటే మత్తు ఇచ్చి వాటిని తీయించాలా, ఆ వయసులో మత్తుకు తట్టుకోలేదేమోనని అలాగే వదిలేయాలా అన్నది పశువైద్యులకు తరచూ ఎదురయ్యే ప్రశ్న. రక్తపరీక్షలు, ఈసీజీలు దానికి సగం జవాబే ఇస్తాయి. మిగతా సగం ధర్మవిచారానిది. నొప్పి అని చెప్పుకోలేని ప్రాణికి నొప్పి ఉందని దేన్నిబట్టి నిశ్చయించాలి? ఒప్పుకోవడం, కాదనడం తెలియని ప్రాణి బతుకును ఇంకొకరు పణంగా పెట్టవచ్చా? చేసినందువల్ల వచ్చే చావుకూ, చేయనందువల్ల సాగే బాధకూ బాధ్యత ఒక్కటేనా? కుక్క పంటిని దృష్టిలో పెట్టుకుని కాకపోయినా భారతీయ దర్శనాలు ఈ ప్రశ్నలను ఎప్పుడో చర్చించాయి. ఆ చర్చ ఇక్కడ ఎంతవరకు పనికొస్తుందో తేలాలంటే ముందు కుక్క నోట్లో ఏం జరుగుతుందో తెలియాలి.

ఎదిగిన కుక్కకు 42 పళ్లుంటాయి. తోమని పంటి మీద గంటల్లోనే పాచి పొర ఏర్పడుతుంది. లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లో అది గట్టిపడి గార అవుతుంది. కంటికి కనిపించే ఆ పసుపుపచ్చ గార అసలు జబ్బు కాదు. చిగురు అంచు కింద, బ్రష్షూ చూపూ చేరని చోట సూక్ష్మజీవులు స్థిరపడి పంటిని ఎముకకు కట్టి ఉంచే కణజాలాన్ని తినేస్తూ పోవడమే జబ్బు. మూడేళ్లు నిండేసరికే చాలా కుక్కల్లో దీని తొలి ఛాయలు కనిపిస్తాయి. పమేరియన్, షిట్జు, పగ్ వంటి చిన్న జాతుల్లో ఇది మరీ ఎక్కువ. చిన్న దవడలో అన్ని పళ్లూ ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ మొలుస్తాయి గనక సందుల్లో పాచి నిలవడం తేలిక. పదేళ్లు దాటిన చిన్నజాతి కుక్క దగ్గరకు రాగానే గుప్పుమనే కంపును ముసలితనపు వాసనగా చెప్పుకోవడం మామూలే. నిజానికి అది చీము వాసన.

పైదవడలో నాలుగో అగ్రచర్వణకం (ప్రీమోలార్) ఎముకలను కొరికే పెద్ద పన్ను. దానికి మూడు వేళ్లు. బయటి నుంచి పన్ను గట్టిగానే ఉంటుంది, కొంచెం గార తప్ప ఏమీ కనిపించదు. ఈలోగా ఒక వేరు కొనలో చీము చేరి పైకి దారి చేసుకుంటుంది. ఒక ఉదయం కంటి కింద బుగ్గ ఉబ్బి ఉంటుంది. ఏ పురుగో కుట్టిందనుకుంటారు. యాంటీబయాటిక్ వేస్తే వాపు దిగుతుంది, మందు ఆపిన కొన్నాళ్లకు అక్కడే మళ్లీ లేస్తుంది, చివరకు చర్మం చిట్లి చీము కారుతుంది. పన్ను తీయనిదే ఆ పుండు మానదు. పైకోర కథ మరోలా ఉంటుంది. దాని వేరు బయటికి కనిపించే భాగం కన్నా పొడవు, ఆ వేరుకూ ముక్కుకూ మధ్య ఉండే ఎముక చాలా పలచన. ఆ గోడ కరిగితే నోటికీ ముక్కుకూ దారి పడి కుక్క తుమ్ముతూ, ఒక ముక్కుపుటం నుంచి చీమిడి కారుస్తూ ఉంటుంది. జలుబు మందులు వాడుతూ నెలలు గడిపేస్తారు. బుల్లి జాతుల్లో కింది పెద్ద దంతాల వేళ్లు దవడ ఎత్తులో చాలా భాగం ఆక్రమిస్తాయి. వాటి చుట్టూ ఎముక కరిగాక సోఫా మీంచి దూకినా దవడ విరగవచ్చు.

ఇంత జరుగుతున్నా కుక్క తింటూనే ఉంటుంది. యజమాని వాదమంతా ఇక్కడే నిలబడుతుంది: పూట తప్పకుండా తింటోంది, మూలగడం లేదు, అంటే నొప్పి లేదన్నమాట. ఇది ఒక అనుమానప్రమాణం. దీని బలమెంతో తేల్చడానికి న్యాయశాస్త్రంలో ఒక కొలత సిద్ధంగా ఉంది. కనిపించకపోవడం లేకపోవడానికి ఎప్పుడు రుజువవుతుంది అన్న ప్రశ్నకు నైయాయికులు యోగ్యానుపలబ్ధి అనే షరతు పెట్టారు. ఆంధ్రుడిగా పేరున్న అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలోనూ ఈ చర్చ ఉంది. వెలుతురున్న గదిలో నేల మీద కుండ కనిపించకపోతే కుండ లేదనే అనాలి, ఎందుకంటే ఉండి ఉంటే కనిపించేదే. కానీ పిశాచం కనిపించలేదు కాబట్టి పిశాచం లేదని తేల్చడానికి వీల్లేదు. ఉన్నా కంటికి కనిపించే స్వభావం దానికి లేదు మరి. ఉంటే తప్పక తెలిసే వస్తువు విషయంలోనే తెలియకపోవడం అభావానికి సాక్ష్యం.

కుక్క పంటినొప్పి కుండ జాతిదా, పిశాచం జాతిదా? ముల్లు దిగినప్పుడు, కాలు నలిగినప్పుడు కుక్క అరుస్తుంది గనక నొప్పి ఉంటే అరుపు ఉంటుందని అలవాటుగా అనుకుంటారు. హఠాత్తుగా వచ్చే నొప్పికి ఆ నియమం చాలావరకు సరిపోతుంది. నెలల తరబడి కొద్దికొద్దిగా పెరిగే నొప్పికి సరిపోదు. కుక్క మెల్లగా తన నడవడి మార్చుకుంటుంది. ఒకవైపే నములుతుంది, లేదా నమలకుండా మింగేస్తుంది. గట్టి బిస్కెట్టును నోట పట్టి కిందపడేసి మళ్లీ తీసుకుంటుంది. మూతి నిమరబోతే తల పక్కకు తిప్పుకుంటుంది. ఆట తగ్గిస్తుంది, ఎక్కువసేపు పడుకుంటుంది. ఇవన్నీ ముసలితనం ఖాతాలోకి పోతాయి. ఆకలి నొప్పి కన్నా బలమైనది కనుక తిండి ఆగదు. కాబట్టి తినడం అనే గుర్తు నొప్పి లేదనడానికి పనికొచ్చే హేతువు కాదు. చెడ్డ పళ్లు తీసేసిన రెండు మూడు వారాలకు కుక్క మళ్లీ బొమ్మ పట్టుకుని గుమ్మం దగ్గరకు పరిగెత్తితే అప్పుడు గానీ ఇంట్లోవాళ్లకు ఇన్నాళ్లు అది ఎలా ఉండేదో తెలిసిరాదు.

పరులకు మనసుందని రుజువు చేయడానికి ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి సంతానాంతరసిద్ధి అనే ప్రత్యేక గ్రంథమే రాశాడు. తన చేష్టలకు వెనక తన చిత్తం ఉన్నట్టే ఎదుటివారి చేష్టలకూ వెనక ఒక చిత్తం ఉందని ఊహించడం ఆయన మార్గం. ఈ మార్గంలో మనిషికీ కుక్కకూ మధ్య గోడ కట్టడం కష్టం. యూరప్‌లో ఆ గోడ కట్టినవాడు డెకార్ట్. 1637లో అచ్చయిన గ్రంథంలో జంతువులను యంత్రాలతో పోల్చాడు. 1789లో బెంథామ్ వాటికి తర్కం ఉందా, భాష ఉందా అన్నవి పక్కన పెట్టి, బాధ పడగలవా లేదా అన్నదొక్కటే చూడమన్నాడు. నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, మాటల్లో చెప్పలేకపోవడం నొప్పి లేదనడానికి ఆధారం కాదని స్పష్టంగా చేర్చింది. నైయాయికుల షరతు దగ్గరకే వైద్యం ఇంకో దారిలో వచ్చిందన్నమాట.

నొప్పి ఉందని ఒప్పుకున్నాక కూడా ఒక అభ్యంతరం మిగులుతుంది. అది దాని ప్రారబ్ధం, అనుభవించి తీరాలి, మధ్యలో మనం చేయిపెట్టడమెందుకు? చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో ఆయుర్దాయం గురించి ఇలాంటి వాదమే వస్తుంది. ఆయువు ముందే తూచి ఇచ్చినదైతే మందులు, పథ్యాలు, ప్రమాదాల నుంచి తప్పుకోవడం అన్నీ వ్యర్థమవుతాయని, దైవం ఎంతో పురుషప్రయత్నమూ అంతే లెక్కలోకి వస్తుందని అక్కడి సమాధానం. బలహీనమైన దైవాన్ని గట్టి ప్రయత్నం తోసిపుచ్చగలదని కూడా చరకుడు ఒప్పుకుంటాడు. మనిషికి వర్తించే ఈ మాట కుక్క దగ్గరకు వచ్చేసరికి వర్తించదనడానికి కారణం దొరకదు. తమ పంటినొప్పికి ప్రారబ్ధమని ఊరుకునేవారు తక్కువే కాబట్టి ఈ అభ్యంతరాన్ని ఇంతకన్నా సాగదీయనక్కర్లేదు.

ఇక మత్తు. మనిషి కుర్చీలో కూర్చుని నోరు తెరిచి ఉంచుతాడు, వైద్యుడు చెప్పినప్పుడు ఉమ్ముతాడు. కుక్క అలా చేయదు. చిగురు కింద గోకడం, పంటి చుట్టూ కొలకర్ర దించి లోతు చూడటం, ప్రతి వేరుకూ ఎక్స్‌రే తీయడం మెలకువలో సాధ్యం కాదు. ఎక్స్‌రే ఎందుకంటే పంటిలో సగానికి పైగా ఎముక లోపలే ఉంటుంది, జబ్బూ అక్కడే ఉంటుంది. మత్తు లేకుండా పళ్లు శుభ్రం చేస్తామనే సేవలు ఇప్పుడు పెద్ద ఊళ్లలో కనిపిస్తున్నాయి. కుక్కను గట్టిగా పట్టుకుని పైకి కనిపించే గారను గీకేస్తారు. పళ్లు తెల్లబడతాయి, చిగురు కింది జబ్బు ఎక్కడిదక్కడే ఉంటుంది. అమెరికాలోని పశు దంతవైద్య కళాశాల సహా నిపుణుల సంస్థలు దీన్ని వ్యతిరేకించడానికి కారణం ఇదే. మత్తుకు భయపడిన యజమానికి తృప్తి, కుక్కకు భయం మాత్రమే మిగిల్చే ఈ పద్ధతిని అహింస అనుకోవడం పొరపాటు. పూర్తి మత్తులో శ్వాసనాళంలోకి గొట్టం వేసి దాని చుట్టూ ఉండే చిన్న బుడగను ఉబ్బిస్తారు. యంత్రం చిమ్మే నీరు, రాలే గార, చీము ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపేది ఆ బుడగే.

మత్తు ప్రాణం మీదికి తెచ్చే సంభావ్యత ఎంత? బ్రిటన్‌లో 2002 నుంచి 2004 వరకు సుమారు 98,000 కుక్కల మీద సేకరించి 2008లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఎక్కువగా ఉదహరించేది. మత్తులోనూ దాని తర్వాతి రెండు రోజుల్లోనూ జరిగిన మరణాలు మొత్తం మీద 0.17 శాతం. ఆరోగ్యంగా ఉన్నవాటిలో 0.05 శాతం, అంటే దాదాపు 1,850లో ఒకటి. జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం, అంటే 75లో ఒకటి. ముసలితనం జబ్బు కాదని పశువైద్యులు తరచూ అంటారు. మాట నిజమే గానీ పూర్తి నిజం కాదు. అదే అధ్యయనంలో పన్నెండేళ్లు దాటినవాటికి ముప్పు పడుచు కుక్కల కన్నా ఎక్కువగానే తేలింది. వయసుతో గుండె కవాటాలు దళసరెక్కి రక్తాన్ని వెనక్కి వదులుతాయి. మూత్రపిండాలు చాలావరకు పాడయ్యేదాకా రక్తపరీక్షలో బయటపడవు. కాలేయం మందును నెమ్మదిగా తొలగిస్తుంది. ఒంట్లో వేడి త్వరగా జారిపోతుంది. పడుచు కుక్కకు సరిపోయే మోతాదు ముసలిదానికి ఎక్కువవుతుంది.

ఈ అంకెలు చూసి యజమాని మనసు కుదుటపడకపోవడంలో వింత లేదు. శాతం గుంపుకు సంబంధించింది, ఇంట్లో ఉన్నది ఒకటే కుక్క. 75లో 74 బతికాయన్నది 75వది పోయిన ఇంటికి ఓదార్పు కాదు. అయితే ఆ అంకెల్లో ధర్మవిచారానికి పనికొచ్చే ముక్క మరొకటుంది. చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం బల్ల మీద పోలేదు. పని అయిపోయాక, మత్తు దిగే వేళ, ఎక్కువగా తొలి మూడు గంటల్లో పోయాయి. శస్త్రచికిత్స ముగిసిందని యంత్రాలు విప్పి, మనుషులు చేతులు కడుక్కుని తర్వాతి పనిలోకి వెళ్లే వేళ అది. అంటే మరణాల్లో గణనీయమైన భాగం మందు విషయం కాదు, కనిపెట్టుకుని ఉండటం విషయం.

జైన దర్శనం హింసను నిర్వచించిన తీరు ఇక్కడ అన్నిటికన్నా సూటిగా తగులుతుంది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏడో అధ్యాయంలో ప్రాణం పోవడాన్ని మాత్రమే హింస అనలేదు. రాగద్వేషాలకో ఏమరుపాటుకో లోనైన మనసుతో, దేహంతో, మాటతో చేసిన పని వల్ల ప్రాణానికి హాని కలిగితే అది హింస అన్నాడు. ఆ ఏమరుపాటుకు జైనులు వాడిన మాట ప్రమాదం. కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. ఎదుటి ప్రాణి బతికినా చచ్చినా, అజాగ్రత్తగా నడిచినవాడికి హింస అంటుకునే ఉంటుంది, జాగ్రత్తగా నడిచినవాడికి కేవలం ప్రాణి పోవడం వల్ల బంధం కలగదు అన్నది ఆయన స్థానం. ఈ ఆచార్యుడి ఊరుగా సంప్రదాయం చెప్పే కొనకొండ్ల అనంతపురం ప్రాంతంలో ఉంది. నేల చూసుకుంటూ అడుగులేసే మునికి సంబంధించిన ఈ వివేచన మత్తుబల్లకు చక్కగా అన్వయిస్తుంది. రక్తపరీక్ష చేయకుండా, గొట్టం వేయకుండా, ఎవరూ చూస్తూ ఉండకుండా మత్తు ఇస్తే, కుక్క తోక ఊపుకుంటూ ఇంటికి వచ్చినా అక్కడ హింస జరిగినట్టే. చేయవలసినవన్నీ చేసి, గుండె సడి, రక్తపోటు కనిపెట్టుకుంటూ ఉండగా కుక్క పోతే దుఃఖం ఉంటుంది, హింస ఉండదు. ఫలితం చూసి పుణ్యపాపాలు తేల్చే లోకం తీరుకు ఇది పూర్తిగా ఎదురు.

కాబట్టి మత్తు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు ముందు, ఎలాంటి మత్తు అన్నది రావాలి. యతన అని జైనులు పిలిచే ఆ జాగ్రత్త ఈ పనిలో చాలా నిర్దిష్టమైన రూపాల్లో ఉంటుంది. ముందుగా రక్తకణాల లెక్క, క్రియాటినిన్, కాలేయపు ఎంజైములు, మూత్రపరీక్ష. గుండెలో అదనపు శబ్దం వినిపిస్తే ఛాతీ ఎక్స్‌రే, వీలైతే ఎకో. ముందురోజు రాత్రి నుంచి తిండి ఆపుతారు గానీ నీళ్లు చాలాసేపు ఉంచుతారు, ముసలి మూత్రపిండాలు దప్పికను ఓర్చుకోలేవు. నరంలో సూది గొట్టం పెట్టి సెలైన్ ఎక్కిస్తారు. ప్రొపోఫాల్‌ను ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా, కుక్క తూలే తీరు చూసుకుంటూ ఇస్తారు. ఆ తర్వాత ఐసోఫ్లురేన్ వాయువు మీద ఉంచుతారు. పంటి నరం దగ్గర బుపివకైన్ వేసి ఆ దవడను మొద్దుబార్చడం ముసలి కుక్కకు చేసే పెద్ద మేలు. నొప్పి మెదడుకు చేరదు కనుక వాయువు తక్కువ సరిపోతుంది, వాయువు తగ్గితే రక్తపోటు నిలబడుతుంది. సగటు రక్తపోటు 60 కన్నా దిగితే మూత్రపిండాలకు రక్తం చాలదు. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును కొలిచే యంత్రం శ్వాస మందగించిన సంగతిని ఆక్సిజన్ మీటరు కన్నా ముందే చెబుతుంది. వేడిగాలి దుప్పటి కప్పి ఉంచుతారు. వీటన్నిటినీ చూడటానికే ఒక మనిషి ఉండాలి. పళ్లు తీసే వైద్యుడే మధ్యమధ్య తల తిప్పి చూస్తే చాలదు.

అన్ని ఆస్పత్రుల్లోనూ ఇవన్నీ ఉండవు. చిన్న పట్టణాల్లో జైలజీన్, కెటమిన్ సూదిమందులతోనే పని నడిచే చోట్లున్నాయి. జైలజీన్ గుండె వేగాన్ని, అది పంపే రక్తాన్ని బాగా తగ్గిస్తుంది. గట్టి గుండె ఉన్న పడుచు కుక్క దాన్ని తట్టుకోవచ్చు, కవాటం చెడిన పన్నెండేళ్ల పమేరియన్‌కు అది పెద్ద పరీక్ష. అలాంటప్పుడు వాయువు మత్తు ఉన్న పశువైద్య కళాశాల ఆస్పత్రికి వంద కిలోమీటర్లు పోవడం యతనలో భాగమే. కుక్కను ఎవరు చూస్తూ ఉంటారు, రక్తపోటు కొలుస్తారా, పని అయ్యాక ఎంతసేపు ఉంచుకుంటారు అని వైద్యుడిని అడగడం అవిశ్వాసం కాదు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నలకు నొచ్చుకోడు.

మత్తు చరిత్రలో కుక్కలకు మనుషులు పడిన బాకీ ఒకటుంది, అందులో హైదరాబాద్ పేరు గట్టిగా వినిపిస్తుంది. మనుషులకు మత్తు ఇవ్వడం లోకానికి తెలిసిందే పంటివైద్యుల చేతుల మీదుగా. 1844లో హొరేస్ వెల్స్ నవ్వుటావిరితో (నైట్రస్ ఆక్సైడ్‌తో) తన పన్నే తీయించుకున్నాడు, 1846లో విలియం మోర్టన్ ఈథర్‌ను బోస్టన్‌లో బహిరంగంగా ప్రదర్శించాడు. ఆ వెనకే వచ్చిన క్లోరోఫామ్ అప్పుడప్పుడు రోగులను హఠాత్తుగా చంపేది. అది ముందు గుండెను ఆపుతుందా, ఊపిరినా అన్న వివాదం తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లోనూ 1889లోనూ రెండు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. పరీక్షల కోసం వందలాది కుక్కలను క్లోరోఫామ్‌తో చంపారు. ఊపిరే ముందు ఆగుతుందని, ఊపిరి కనిపెడితే చాలునని కమిషన్ తేల్చింది. తేలికపాటి మత్తులో కూడా గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించడంతో ఆ తీర్పు నిలవలేదు. అంటే ఆ కుక్కల చావు నుంచి తీసిన పాఠం సగమే సరైనది. ఊపిరిని కనిపెట్టాలన్న సగం మాత్రం నిలిచింది. ఇవాళ ముసలి కుక్క చెవికి తగిలించే మీటరు, ఛాతీకి అంటించే ఈసీజీ తీగలు ఆ మిగతా సగాన్ని పూరిస్తున్నాయి. ఋణత్రయంలో జంతువుల బాకీని ఎవరూ చేర్చలేదు. చేర్చి ఉంటే ఇది అందులో మొదటి పద్దు అయ్యేది.

ఇక అంగీకారం సంగతి. ఆస్పత్రిలో ఒప్పంద పత్రం మీద సంతకం చేసేది యజమాని, బల్ల మీద పడుకునేది కుక్క. పసిబిడ్డ తరఫున తల్లిదండ్రులు ఒప్పుకోవడంతో దీన్ని పోలుస్తారు గానీ పోలిక పూర్తిగా అతకదు. బిడ్డ పెరిగి ఒకనాడు ఆ నిర్ణయాన్ని మెచ్చుకోవచ్చు, నిలదీయవచ్చు. కుక్క ఎన్నటికీ ఆ స్థితికి రాదు. రేపటి సుఖం కోసం ఇవాళ్టి బాధను ఓర్చుకోవడమనే బేరం మనిషి మనసులో ఉన్నట్టు కుక్క మనసులో ఉందనుకోలేం. కనుక దాని పక్షాన లెక్క వేసేటప్పుడు ఆస్పత్రి వాసన, అపరిచితుల చేతులు, కుట్లు మానే రెండు వారాలు పూర్తి ఖర్చుగానే రాసుకోవాలి. ఆ ఖర్చు తిరిగిరావడానికి ముందు ఎన్నాళ్ల బతుకు మిగిలుందో చూడాలి. పదకొండేళ్ల షిట్జుకు ఇంకా మూడు నాలుగేళ్లుండవచ్చు. అదే వయసు గ్రేట్‌డేన్ తన జాతి ఆయువును ఎప్పుడో దాటేసింది.

సంరక్షకుడికి హక్కు ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికి ధర్మరాజు కథ ఒక జవాబు. మహాప్రస్థానిక పర్వంలో స్వర్గం గుమ్మం దాకా వెంట నడిచిన కుక్కను వదిలి రమ్మన్న ఇంద్రుడికి, ఆశ్రయించినదాన్ని విడవడం మహాపాపమని ఆయన జవాబిచ్చాడు. యక్షప్రశ్నల్లో పరమధర్మంగా చెప్పిన ఆనృశంస్యం, అంటే క్రౌర్యం లేకపోవడం, ఈ సన్నివేశంలోనూ ఆయన్ను నడిపింది. ఇందులో గమనించాల్సింది దయ కాదు, ఆశ్రయం. కుక్క తనను నమ్ముకుని వచ్చింది గనక బాధ్యత పుట్టింది. ఆ బాధ్యత నుంచే నిర్ణయించే అధికారం వచ్చింది, దానికి ముందు లేదు. రాజధర్మంలో కూడా ఇది పాతదే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా చెక్కించిన అశోకుడి రెండో శిలాశాసనం మనుషులకూ పశువులకూ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేసినట్టు చెబుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం మూడో సెక్షను జంతువును ఉంచుకున్నవారు దాని క్షేమం చూడాలని, అనవసరమైన బాధ కలగకుండా తగిన చర్యలు తీసుకోవాలని విధిస్తుంది. అక్కడ వాడిన భాష హక్కుది కాదు, విధిది.

యజమాని భయంలో మాత్రం కొంత తనకోసమే ఉంటుంది. తన సంతకంతో బల్ల మీద పోతే తానే చంపినట్టు, చిగుళ్లు కుళ్లి రెండేళ్లు ఈడ్చి పోతే కాలం తీరినట్టు అనిపిస్తుంది. గీత నాలుగో అధ్యాయం ఈ తేడాను ఒప్పుకోదు. ఊరుకోవడంలోనూ కర్మ ఉందని తెలుసుకున్నవాడినే అది బుద్ధిమంతుడంటుంది. జైన సంప్రదాయం మాత్రం ఇక్కడ రెండుగా చీలుతుంది. ప్రమాదం గురించి అంత సూక్ష్మంగా ఆలోచించిన ఆ సంప్రదాయమే పింజ్రాపోళ్లనే పశుశరణాలయాల్లో చావుబతుకుల మధ్య ఉన్న పశువును సహజంగా పోయేదాకా ఉంచుతుంది, బాధ ముగించడానికి ప్రాణం తీయడాన్ని ఒప్పుకోదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో నయం కాని జబ్బుతో కొట్టుకుంటున్న దూడకు గాంధీ విషపు సూది ఇప్పించినప్పుడు గుజరాతీ జైన, వైష్ణవ సమాజాల్లో చెలరేగిన ఆగ్రహం దీనివల్లనే. ఆ వివాదంలో రెండు పక్షాలూ అహింస పేరుతోనే మాట్లాడాయి. పళ్లకు మత్తు ఇవ్వడం ప్రాణం తీయడం కాదు గనక ఆ చీలిక ఇక్కడ అంత పదునుగా తగలదు. అయినా అహింస అంటే చేతులు కట్టుకోవడమా, బాధ తీర్చడమా అన్న ప్రశ్న మత్తుగదిలోనూ అదే.

మత్తు వద్దనడమే ధర్మమయ్యే సందర్భాలూ ఉన్నాయి. గుండె నీరు పట్టి మందులకు లొంగనిది, మూత్రపిండాలు ఆఖరి దశకు చేరినది, వారాల్లో తీసుకెళ్లే కాన్సర్ ఉన్నది బల్ల ఎక్కితే దొరికే లాభం తక్కువ. గుండె మందులు రెండు మూడు వారాలు వాడి స్థితి కుదుటపడ్డాక చేయడం, పళ్లన్నీ ఒకేసారి కాకుండా రెండు పొట్టి విడతలుగా తీయడం మధ్యేమార్గాలు. అదీ కుదరకపోతే మెత్తటి తిండి, క్లోర్‌హెక్సిడిన్‌తో నోరు కడగడం, పశువైద్యుడు ఎంచిన నొప్పి మందు మిగులుతాయి. ఆ మందు ఎంపిక యజమాని చేతిలో పెట్టదగినది కాదు. మెలాక్సికమ్ వంటివి చెడిన మూత్రపిండాలను ఇంకా చెడగొడతాయి. మనుషులకని ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్ బిళ్ల కుక్కకు విషమే. ఇలా నెట్టుకొచ్చే కుక్కను రెండు మూడు నెలలకోసారి మళ్లీ తూచి, పరీక్షించి, వద్దన్న కారణం ఇంకా ఉందో లేదో చూస్తారు. బరువు తగ్గుతూ, తిండి గిన్నె దగ్గరకు వచ్చి మూతి పెట్టకుండా వెనక్కి తిరుగుతుంటే నొప్పి మందు చాలడం లేదని అర్థం. అప్పుడు ముప్పు తెలిసే మత్తు ఇవ్వడమా, బాధను పూర్తిగా ముగించే సూదా అన్నది వైద్యుడూ ఇంట్లోవాళ్లూ కలిసి తేల్చుకోవాల్సి వస్తుంది.